బుట్టలో దిగిన ఇరవై ఆరు బిళ్ళలు

మా ఇంటి మెట్లు పంతొమ్మిది. పైన నేను ఒక్కదాన్నే ఉంటాను, కింద మా తోడికోడలూ మరిదీ ఉంటారు. భవానీపురంలో ఈ ఇల్లు కట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. మోకాళ్ళు బాగున్న రోజుల్లో ఇద్దరం రోజుకు పదిసార్లు ఎక్కి దిగి పోట్లాడుకునేవాళ్ళం. ఇద్దరికీ మోకాళ్ళలో గుజ్జు అరిగాక నా బాల్కనీ కమ్మీకి నైలాను తాడు కట్టి, దానికి ఒక ప్లాస్టిక్ బుట్ట తగిలించాం. కూర గిన్నెలు, కరివేపాకు, కరెంటు బిల్లు అన్నీ ఆ బుట్టలోనే ఎక్కి దిగుతాయి. ఎత్తిపొడుపులకు బుట్ట అక్కర్లేదు, గొంతు చాలు.

మా అత్తగారి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏమీ లేకపోతే రెండు నిమ్మకాయలన్నా, కాస్త పంచదారన్నా వెయ్యాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఏ గిన్నే ఖాళీగా వెళ్ళలేదు, ఖాళీగా రాలేదు.

నేను బడిలో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. గోడ మీద తెలుగు క్యాలెండరు గడుల్లో అందరూ పాలూ గ్యాసూ రాసుకుంటే నేను బిళ్ళలు కూడా రాసుకుంటాను. అందుకే ఈ సంగతి రోజులతో సహా చెప్పగలను.

నాకు మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ళ అయిదు రోజులకని రాసిచ్చారు. అయిదు రోజులూ హాయిగా నడిచాను. ఆరో రోజు మందుల షాపుకు వెళ్ళి పాత చీటీ చూపిస్తే అతను మారుమాట లేకుండా ఇచ్చాడు. అలా ఏడు నెలలు మింగాను. మే నెలలో బీపీ డాక్టరు రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లెక్కల టీచరంటారు, అయిదుకీ రెండొందలకీ తేడా తెలియదా అమ్మా? మీరు బీపీకి ఒక బిళ్ళ వేసుకుంటున్నారు, ఒంట్లో నీరు పోవడానికి ఇంకోటి. వాటి మీద ఈ నొప్పి బిళ్ళ కూడా పడితే మూడూ కలిసి కిడ్నీని పిండేస్తాయి. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోంది, అంటే కిడ్నీ వడపోత తగ్గుతోందన్నమాట. ఇవాళే ఆపెయ్యండి. ఈ వయసులో మీరు మళ్ళీ ఇది ముట్టుకోకూడదు."

మరి నొప్పికో అని అడిగాను. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి దింపమన్నాడు. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. తొడ కండ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందట. వేణ్ణీళ్ళ సంచితో కాపడం పెట్టమన్నాడు. ఎక్కువగా నొప్పి ఉన్న కాలికి అవతలి చేత్తో కర్ర పట్టుకోమన్నాడు. మరీ భరించలేని రోజున పారాసిటమాల్, అదీ తను రాసినన్నే. బరువు ఆరు కిలోలు తగ్గమన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే రెండు నిండు అట్టలూ, ఇంకో అట్టలో ఆరూ మిగిలాయి. ఇరవై ఆరు. పారేయడానికి చెయ్యి రాలేదు. చీవాట్లు తిన్న సంగతి కింద చెప్పడానికి నోరూ రాలేదు. నాకే తగ్గిపోయిందని చెప్పాను.

జూన్‌లో గన్నవరంలో మా తోడికోడలి అన్న కూతురి పెళ్ళి. ఆ పిల్లకు తల్లీతండ్రీ లేరు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాల్సింది మా తోడికోడలూ మరిదీ. ఆవిడ మోకాళ్ళు వంగవు. పెళ్ళికి రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, దోసకాయ పప్పు గిన్నె బుట్టలో పెట్టి కింద నుంచి అరిచింది.

"అక్కయ్యా, మీకు తగ్గిపోయిందన్నారే, ఆ బిళ్ళేదో నాకూ పడెయ్యండి. ఇద్దరివీ ఒకే రకం మోకాళ్ళు, ఒకే బీపీ. మీకు పడింది నాకు పడదా?"

ఒకే బీపీ. నిజమే, ఒకే డాక్టరు, అవే రెండు బిళ్ళలు. ఆ మాట నాకు వినపడింది, డాక్టరు మాటా గుర్తొచ్చింది. చెబితే చీవాట్ల సంగతీ చెప్పాలి. మూడు రోజులే కదా అనుకున్నాను. ఖాళీ అయిన పప్పు గిన్నెలో ఆ ఆరు బిళ్ళలూ వేసి బుట్ట దింపాను. తిన్నాక వేసుకోమని కూడా చెప్పలేదు. ఆవిడకు శనివారం ఉపవాసం. ఆ రోజు టీ నీళ్ళతో వేసుకుందని తర్వాత తెలిసింది.

ఆదివారం పెళ్ళిలో ఆవిడ రెండు గంటల పది నిమిషాలు పీట మీద కూర్చుంది. లేచేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నేను మొదటి వరసలో కుర్చీలో ఉన్నాను. వియ్యాలవారి ఆడవాళ్ళు నన్నూ కిందికి వచ్చి కూర్చోమంటే ఆవిడే జవాబు చెప్పింది.

"మా అక్కయ్యను కదపకండమ్మా. ఆవిడకు లెక్కలొచ్చుగానీ లేవడం రాదు. కింద కూర్చుంటే ఎత్తడానికి పొక్లెయిన్ తెప్పించాలి."

అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు మేనత్త మరీ నవ్వింది. నా బిళ్ళలు వేసుకుని కూర్చున్న మనిషి నన్ను అంది.

సోమవారం పొద్దున గోంగూర గిన్నె వచ్చింది. "ఇంకా ఉన్నాయా అక్కయ్యా? అమృతమండీ బాబూ!" అంది. ఉన్నాయి, రెండు నిండు అట్టలు. ఈసారి మూడు రోజులు కాదని తెలుసు. మూడు కలిస్తే ఏమవుతుందో తెలుసు. నాకు డాక్టరు మాట గుర్తు రాక కాదు, మేనత్త నవ్వు దానికన్నా దగ్గరగా వినపడింది. రెండట్టలూ గిన్నెలో వేసి తాడు వదిలాను. బుట్ట కింద నేలకు తగిలిన చప్పుడు విని లోపలికి వచ్చి, క్యాలెండరులో "20" అని రాశాను.

రోజుకు రెండు చొప్పున అవి పది రోజులొచ్చాయి. పదకొండో రోజు, గురువారం, ఆవిడ సొంతంగా షాపుకు నడిచి వెళ్ళడం బాల్కనీలోంచి చూశాను. కర్ర లేకుండా, చెయ్యి ఊపుకుంటూ వెళ్ళింది. పొడి చెత్త డబ్బా మా ఇద్దరికీ ఒకటే. మునిసిపాలిటీ బండికి వేసేముందు దాన్ని సరిచూసేది నేను. అయిదేసి రోజులకు ఒక ఖాళీ అట్ట కనపడేది. రాసుకునేదాన్ని.

పొద్దున్నే నేను కాలు చాపి పది లెక్కపెడుతుంటే కింద తులసి దగ్గర ముగ్గు వేస్తూ ఆవిడ వేళాకోళం చేసేది.

"ఏడు, ఎనిమిది! కుర్చీలో కూర్చుని కాలూపడానికి డాక్టరుకు ఫీజొకటా అక్కయ్యా? మా ఊళ్ళో పిల్లకాయలు కాలవ గట్టు మీద ఊరికే ఊపుతారు."

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నా. గొంతుక్కూర్చుని మరీ చూసుకుంటున్నా."

మొదటి బిళ్ళ వేసుకున్న శుక్రవారం నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు మంగళవారం. పై నుంచి చూస్తే ఆవిడ పాదాలు పొంగి ఉన్నాయి. మట్టెలు వేళ్ళలోకి దిగబడి, అంచున చర్మం మెరుస్తోంది. ముఖం కూడా ఉబ్బింది. "ఒళ్ళు చేశాను కదా అక్కయ్యా?" అని నవ్వింది. చేశావు అన్నాను. లోపలికొచ్చి మంగళవారం గడిలో "పాదాలు" అని రాశాను. అది వాపని నాకు తెలుసు. బుధ, గురు, శుక్ర, శని. అయిదు రోజులు నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారు. రేపు దానంతటదే తగ్గుతుందేమో చూద్దామనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ అయిదు రోజులూ ఆవిడ గొంతుక్కూర్చోలేకపోయింది. అది చూడడం నాకు బాగుంది.

ఆదివారం పొద్దున్నుంచీ వాంతులు. రెండు మెతుకులు నిలవలేదు. "ఒంటికి కూడా సరిగా వెళ్ళడం లేదొదినా, పొద్దుణ్ణించీ ఒక్కసారే వెళ్ళింది" అని మరిది కింద నుంచి చెప్పాడు. మధ్యాహ్నానికి పంతొమ్మిది మెట్లూ దిగాను. "ఆ బిళ్ళ ఇంక వేసుకోకు" అన్నాను. అదొక్కటే అన్నాను. అప్పటికే పొద్దుటి బిళ్ళ వేసుకుందట. నేను పైకి రాగానే, నొప్పికి తట్టుకోలేక, సాయంత్రానిదీ వేసుకుంది.

సోమవారం పొద్దున ముగ్గురం ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. క్యాలెండరు కాగితాలు చింపి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"బీపీవేనండీ."

"ఇంకేం లేవా? నొప్పులకు ఏమన్నా?"

"అబ్బే, మందులేం వాడలేదండీ. ఊరికే నొప్పి బిళ్ళ వేసుకున్నా."

"ఊరికేనా! ఎన్ని?"

"ఎప్పుడన్నా ఒకటి. నాలుగో అయిదో."

డాక్టరు ఆ అంకె రాసుకోబోయాడు. అది రాస్తే ఆయన జబ్బును ఇంకెక్కడో వెతుకుతాడు. వెతికేలోపు ఈవిడ మిగలదు.

"తొంభై" అన్నాను. "నలభై అయిదు రోజుల్లో."

మరిది నా వైపు తిరిగాడు. "నీకెలా తెలుసొదినా?"

"రాసుకున్నాను." కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. డాక్టరు వేలు పెట్టి ఒక్కో గడీ చూశాడు. "20" దగ్గర ఆగాడు. "పాదాలు" దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"మొదటివి ఎవరిచ్చారు?"

"నేను. నా దగ్గర మిగిలినవి ఇరవై ఆరు. మిగతా అరవై నాలుగు తనే కొనుక్కుంది."

"మిమ్మల్ని ఆపెయ్యమన్నవేనా అవి?"

"అవును. తొంభైలో ఇరవై ఆరు. నాలుగోవంతు కంటే కొంచెం ఎక్కువ."

"వాటా అడగలేదమ్మా నేను" అన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో చేర్చమని చీటీ రాసి మరిది చేతికిచ్చాడు.

మా తోడికోడలు ఉబ్బిన కళ్ళు విప్పి నన్ను చూసింది. గొంతు లేదు, అయినా వినపడింది. "రాసుకుందండీ. నా కాళ్ళు వాస్తుంటే పైన నిలబడి రాసుకుంది."

ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఆసుపత్రిలో ఆరు దాటింది. మెడ పక్కన గొట్టం వేసి రెండుసార్లు డయాలిసిస్ చేశారు. పన్నెండో రోజుకు ఇంటికి వచ్చింది. అంకె తగ్గుతూ వచ్చి రెండుకు కాస్త ఇటుగా ఆగింది. అక్కణ్ణుంచి దిగలేదు, ఇక దిగదన్నారు. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి. నొప్పి బిళ్ళ ఈ జన్మకు లేదు, పైన రాసుకునే పూత మందు కూడా అడక్కుండా వద్దన్నారు. మోకాళ్ళు మాత్రం పెళ్ళికి ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కాపడం, కర్ర, కుర్చీలో కూర్చుని పది లెక్కపెట్టడం. ఆవిడ నవ్విన వైద్యమే ఆవిడకు మిగిలింది.

ఇంటికొచ్చిన రోజు సొరకాయ ముక్కలు ఉడికించి, ఆసుపత్రిలో చెప్పిన పథ్యం ప్రకారం ఆ నీళ్ళు వార్చేసి, ఉప్పు చిటికెడే వేసి కూర చేశాను. బుట్టలో దింపాను. గంట తర్వాత తాడు ఊగింది. లాగాను. గిన్నె కడిగి, గుడ్డతో తుడిచి ఉంది. లోపల ఏమీ లేదు. మర్నాడూ అంతే. నేను పంపడం ఆపలేదు, ఆవిడ తినడం ఆపలేదు. క్యాలెండరులో ఆ గడులన్నీ సున్నాలే.

ఇప్పుడు పొద్దున్నే కింద కుర్చీలో ఆవిడ, పైన కుర్చీలో నేను. ఆవిడకు అంకెల మధ్య ఊపిరి అందదు, అందుకని పైకి లెక్కపెట్టమని మరిది నన్నే అడిగాడు. నేను గట్టిగా లెక్కపెడతాను. ఆరు దగ్గర కొంచెం ఆగుతాను. మొదటివారం కింద నుంచి మూలుగొచ్చింది, ఆ తర్వాత మాటలొచ్చాయి.

"ఏడు ఎక్కడికి పోయింది అక్కయ్యా? ఊరెళ్ళిందా?"

"వస్తుంది. కాలు దించకు."

ఇంకో లెక్క నా దగ్గర మిగిలిపోయింది. షాపతను ఏడట్టలు ఇచ్చానన్నాడు. డెబ్భైలో అరవై నాలుగు వేసుకుంది. ఆరు మిగలాలి. అవెక్కడున్నాయని నేను అడగలేదు.

తుఫాను వానలు మొదలైన వారం నా కుడి మోకాలు బిగుసుకుపోయింది. బాత్రూముకు గోడ పట్టుకుని వెళ్ళాను. నా అడుగుల చప్పుడు కింద స్లాబు లోంచి వినపడుతుందని నాకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆవిడ అడుగులు నాకు తెలిసినట్టే నావి ఆవిడకు తెలుసు.

ఆ మధ్యాహ్నం తాడు ఊగింది. బుట్ట బరువుగా ఏమీ లేదు. నిన్నటి బీరకాయ కూర గిన్నె, కడిగి తుడిచినదే. అడుగున అట్ట ఒకటి. నాలుగు గుంటలు చిరిగి ఉన్నాయి, ఆరు నిండుగా ఉన్నాయి.

"కుంటుతున్నట్టున్నారే అక్కయ్యా" అని కింద నుంచి వినపడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత తీయగా మాట్లాడటం అదే మొదటిసారి. "వేసుకోండి. మీకు పడేవేగా."

వేణ్ణీళ్ళ సంచి పెట్టుకున్నాను, డాక్టరు రాసిన పారాసిటమాల్ ఒకటి వేసుకుని గడిలో రాశాను. అట్ట పారేయవలసింది. పారేస్తే మర్నాడు చెత్త డబ్బాలో ఆవిడ వెతుకుతుంది, దొరికితే నవ్వుకుంటుంది. అందుకని క్యాలెండరు మేకు కింద సొరుగులో పెట్టాను. వాన తగ్గలేదు. రోజూ పొద్దున సొరుగు తీసి చూస్తున్నాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆరూ ఉన్నాయి.