తునికాకు అడవిలో దూప

నా చిన్నప్పుడు, మా దుమ్ముగూడెం వైపు ఊళ్ళలోకి సెల్‌ఫోన్ కొత్తగా వచ్చి, సిగ్నల్ కోసం మగవాళ్ళు గుట్టెక్కే రోజుల్లో, వేసవి అంటే నాకు తునికాకే. బీడీలు చుట్టే ఆ ఆకు కోయడానికి ఇంకా చీకటి విడవకముందే ఊరంతా అడవిలోకి నడిచేది. రాలిన ఇప్పపూల వాసన నేలను వదిలేది కాదు. ముందు వెళ్ళేవాళ్ళ మాటలు వినిపించేవి గాని మనుషులు కనిపించేవాళ్ళు కాదు. నిద్ర సగం కళ్ళలోనే ఉండేది కనుక, నేను నడుస్తున్నానో కలగంటున్నానో నాకే తెలిసేది కాదు. ఆ నడక కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఒక ఏడు మాత్రం చిక్కు వచ్చిపడింది. నాకు సిగ్గు తెలిసింది. ఆకు కోసే చోట మామలు, బావలు, నా ఈడు పోరగాళ్ళు అందరూ ఉంటారు. పొదల చాటుకు వెళ్తే ఎవరైనా చూసి నవ్వుతారని ఒకటే బెంగ. అందుకని ఓ ఉపాయం కనిపెట్టాను. నీళ్ళు తాగకపోతే ఏ గొడవా లేదు కదా. నీళ్ళు నింపిన సొరకాయ బుర్ర చేతికొస్తే పెదాలు తడుపుకుని పక్కవాళ్ళకు ఇచ్చేసేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగైదు రోజులకే ఒంటికి వెళ్తే మంట మొదలైంది. ఇంటికొచ్చేసరికి కళ్ళు తిరిగేవి. మా అమ్మ ఒళ్ళు పట్టి చూసి, ఎండకు వేడి చేసిందని తేల్చేసింది. మా దగ్గర ఏ నొప్పికైనా ఎండదే తప్పు. సబ్జా గింజలు నానబెట్టి తాగించి, "రేపు గూడ గిట్లనే ఉంటే అడివి బంద్, ఇంట్ల పండు" అంది. ఆ మాటకు మంటకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. అసలు సంగతి చెబుదామంటే సిగ్గు.

మరునాడు మా పక్కింటి అక్క నా పక్కనే ఆకు కోస్తోంది. ఎండ ఎక్కేకొద్దీ చెట్లన్నీ నీళ్ళలో నీడల్లా ఊగుతున్నాయి. ఎక్కడో వాగు పారుతున్నట్టు చెవుల్లో హోరు. ఆ కాలంలో మా వాగులో ఇసుక తప్ప ఏముంటుంది? అక్క నా ముఖం చూసింది. బుర్ర ఎత్తి గటగటా తాగింది. కాసేపాగి మళ్ళీ తాగింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "నాకు ఒంటికి పోవాలె. ఒక్కదాన్ని పోవాలంటే భయమైతాంది, జర తోడొస్తవా?" అంది.

ఎలుగుబంటిని కేకలేసి తరిమిన మనిషికి ఇంత భయమేమిటని నాకు తట్టనే లేదు. పెద్ద బండ వెనక్కు వెళ్ళాం. ఆమె వచ్చేదాకా కాపలా కాశాను, ఎంతో పెద్దదాన్నైనట్టు. తర్వాత ఆమె కొంగు చాపి నాకు అడ్డంగా, అటు తిరిగి నిలబడి, ఏవో ఊరి ముచ్చట్లు చెబుతూ ఉండిపోయింది. తిరిగొస్తూ బుర్ర నా చేతికిచ్చి, "ఇగ తాగు. మళ్ళ పోదాం, ఏమైతది" అంది. కడుపు నిండా తాగాను. కాసేపటికి చెట్లు ఊగడం మానేసి ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

ఆ వేసవంతా అక్కకు రోజూ భయమే, నేను రోజూ తోడే. మంట తగ్గిపోయింది. అంతా సబ్జా గింజల మహిమేనని అమ్మ వాడకట్టంతా చెప్పుకుంది, నేను కాదనలేదు. అక్క ఆ రోజు కావాలనే అన్ని నీళ్ళు తాగిందని, ఆ భయమంతా నా కోసమేనని చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. అర్థమైన రోజున ఆమె మీద ప్రేమతో ఏడుపొచ్చింది.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో, దూరం బస్సుల్లో, ఆడపిల్లలు నీళ్ళ సీసా పక్కకు జరిపి "వద్దు పెద్దమ్మా, దూపైతలేదు" అంటుంటారు. నేను నమ్మను. ముందు వాళ్ళు వెళ్ళడానికి చోటెక్కడుందో చూసొస్తాను. ఆ తర్వాతే సీసా మూత తీసి చేతికిస్తాను.