రెండు మాత్రలూ ఒకేసారి

మా అమ్మ రక్తపోటుకు నేనే పెద్ద డాక్టరునని నాకో నమ్మకం ఉండేది. బీపీ మిషను కొన్నది నేను, ముత్తుకూరు దగ్గర పోర్టు ఆఫీసు నుంచి రాగానే రోజూ ఆమె చేతికి పట్టీ చుట్టేది నేను. ఇంక వేరే డాక్టరు దేనికి?

ఈస్టరుకు ముందు శ్రమదినాలు నలభై రోజులూ అమ్మ సాయంత్రం దాకా ఉపవాసం ఉండేది. ఆ ఏడు మొదటిరోజే అడిగింది.

"మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోమన్నారు గదా. ఏమీ తినకుండా పొద్దునది ఎట్టా వేసుకునేది నాయనా? డాక్టర్ని ఒక మాట అడగరాదా?"

"దానికి డాక్టరెందుకుమా? రెండూ కలిపి సాయంత్రం వేసుకో," అన్నాను బూట్లు తొడుక్కుంటూ. ఫోను చేస్తే రెండు నిమిషాల పని. చేయలేదు.

ఆమె ఆరింటికి ప్రార్థన చేసుకుని, గంజి తాగి, రెండు మాత్రలూ మింగేది. ఎనిమిదింటికి నేను చూస్తే అంకెలు మునుపటికంటే బాగుండేవి. ఉపవాసం బీపీకి మంచిదని ఆఫీసులో ఉపన్యాసం కూడా ఇచ్చాను, సిగ్గులేకుండా.

పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉంటోందని ఆమె రెండు మూడుసార్లు అంది. "తినకపోతే దిమ్ముగా ఉండదా మరి?" అని కసిరాను. ఆ వేళప్పుడు మిషను తీసి చూడాలని తోచనే లేదు. ఈస్టరుకు ముందువారం వచ్చే మట్టల ఆదివారం ఇంకో నాలుగు రోజులుందనగా, తెల్లవారి ముఖం కడుక్కుంటూ పడిపోయింది. కుడిచెయ్యి లేవలేదు.

నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు ఓపిగ్గానే చెప్పారు. రక్తపోటు రోజంతా ఒకేలా ఉండదట, నిద్రలో తగ్గి తెల్లవారేసరికి పెరుగుతుందట. ఆమె మాత్ర పనిచేసేది పూటసేపే, సాయంత్రం రెండు కలిపి మింగినా తెల్లవారేసరికి దాని బలం అయిపోతుందట. అందుకే రెండు పూటలా రాశారు.

"పొద్దునపూట ఎప్పుడైనా చూసినారా?" అని అడిగారు.

లేదన్నాను. వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడంటారు. నేను అమ్మతో మొదలుపెట్టాను.

అమ్మ బతికింది. మాట వచ్చింది, చెయ్యి రాలేదు. డాక్టరు అన్నదేమిటో ఆమెకు నేను చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు పక్కన కూర్చుని, నీళ్లు కావాలా అని అడిగి లేచిపోయాను.

ఆరు నెలలకు చర్చికి తీసుకెళ్లాను. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పండి అని పాస్టరుగారు అనగానే నా భుజం పట్టుకుని లేచింది.

"మావాడు దినామూ బీపీ చూసినాడు గాబట్టి దేవుడు నన్ను మీ ముందర నిలబెట్టినాడు," అంది.

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.