నేను చెరిపేసిన గీతలు

తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు తామా సార్ గుర్తొస్తాడు. ఈ ఉదయం సౌదీలోని ఖతీఫ్‌లో ఒక ఇంటి మెట్లకు రాయి కోస్తుంటే మళ్లీ అదే జరిగింది. ఆయన న్యూజిలాండ్ మావోరీ మనిషి, అప్పట్లో మా సైటు సూపర్‌వైజరు. కరీంనగర్ గ్రానైటు పనిలో చేయి తిరిగిన నాకు, రాయి గురించి ఒకరు చెప్పేదేముందని విర్రవీగే రోజులవి.

ఆయన మెడలో ఉలి ఆకారంలో ఒక పచ్చరాయి ఉండేది. పౌనాము అంటారట. ముత్తాత చెక్కింది, చేతులు మారుతూ ఆయన దాకా వచ్చింది. ఎవరికి వారు చేసుకుని ఉంచుకునేది కాదని, ఒకరు ఒకరికి ఇచ్చేదని చెప్పేవాడు. ఒకరోజు తాడు తెగితే కొత్తది కట్టమని నాకిచ్చాడు. రాయి మీద సన్నని గీతలు కనిపించాయి. నా బుద్ధి ఊరుకుంటుందా? పాలిష్ మిషన్ పెట్టి అద్దంలా మెరిపించి, మెచ్చుకుంటాడని ఎదురుగా నిలబడ్డాను.

ఆయన చాలాసేపు దాన్ని బొటనవేలితో తడిమాడు. "ఆ గీతలు మా ముత్తాత చేతివి. ఇసుకరాయితో, నీళ్లతో నెలల తరబడి రుద్దాడు," అన్నాడు మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది.

"సార్ రాయిని ఖరాబ్ జేస్తివి. కఫీల్‌కు చెప్పి ఎగ్జిట్ కొట్టిస్తడు, సామాన్ సదురుకో," అన్నాడు నా గదిలో ఉండే రాజన్న. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, ఎగ్జిట్ కొడితే ఉద్యోగం పోయి ఇంటికే అన్న భయం ఉంది గానీ, ఆయన ముఖం ఎలా చూడాలన్నదే ఎక్కువ బాధించింది.

ఆయన నన్ను పంపెయ్యలేదు. సెలవుకు వెళ్లొచ్చి, తన బంధువులిచ్చిన చిన్న పౌనాము ముక్కనూ ఒక ఇసుకరాయినీ నా చేతిలో పెట్టి, "మిషన్ వద్దు," అన్నాడు.

"ఎన్ని రోజులు పడ్తది సార్?"

"మొదలుపెట్టు."

ప్రతి శుక్రవారం బకెట్టు నీళ్లతో కూర్చుని, ఆ ముక్కను ఉలి ఆకారానికి రుద్దాను. వేళ్లు ఒరుసుకుపోయేవి, రాయి మాత్రం అరిగినట్టే ఉండేది కాదు. "ఇంకెన్నాళ్లు రుద్దుతవ్ర?" అని రాజన్న నవ్వితే, "అయ్యేదాంక," అన్నాను. ఏడాది దాటింది.

ఆయన ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లే రోజు దానికి తాడు కట్టి చేతికిచ్చాను. "మీకే సార్. ఒక్క గీత మాత్రం పోలేదు. ఇంకో రెండు శుక్రవారాలుంటే..."

ఆయన దాన్ని పాతదాని పక్కనే వేసుకుని, వాళ్ల పద్ధతిలో నుదురూ ముక్కూ నా ముఖానికి ఆనించాడు. "గీత ఉండనీ. ఇది ఎవరిదని నా మనవరాలు అడిగితే నీ పేరు చెబుతాను."

అక్కడే ఏడ్చేశాను, సిగ్గుపడలేదు. ఇప్పుడు పాత ఇంటి రాయి ఏది ఎదురైనా మిషన్ ఆపి, ఎవరు చెక్కారో ఇంటివాళ్లను అడుగుతాను. పని ఆలస్యమవుతోందని కఫీల్ గొణుగుతాడు. గొణగనీ, అడగకుండా మాత్రం చెయ్యి వెయ్యను.