పాలిష్ లేని రాజుగారి వాకిలి

మా చిన్నప్పుడు నాన్నతో ఎక్కడికి పోయినా తల దించుకోవాల్సి వచ్చేది... పెళ్లికి పోతే పెళ్లికూతుర్ని చూడడు, మహానందికి పోతే దేవుణ్ణి చూడడు. గొంతుక్కూర్చుని నేల బండల్ని అరచేత్తో నిమురుతాడు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ మరి మాది.

మా ఇంటి వసారా కూడా అలాగే చేయించాడు... వంగితే ముఖం కనపడేది. ఆ నునుపు మీదే మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. నా భుజం పట్టుకోకుండా ఒక్క అడుగు వేసేది కాదు. దాంతో నాకు ఆటలు బంద్.

అప్పట్లో చిన్నాయన కార్ల కంపెనీ పని మీద కొరియాలో ఉండేవాడు. సెలవుల్లో మా అందర్నీ పిలిపించి, సియోల్‌లో పాతకాలం రాజుల ప్యాలెస్ చూపిస్తానని తీసుకుపోయాడు. రంగురంగుల చూర్లు... అద్దెకు తెచ్చుకున్న రాణి బట్టల్లో ఫొటోలు దిగే ఆడపిల్లలు... ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేతిలో సజ్జరొట్టెల సంచితో జేజి.

నేను దార్లోనే మొక్కుకున్నా, ఇక్కడ మాత్రం నాన్న కూర్చోకూడదని.

సింహాసనం ఉన్న హాలు ముందు పెద్ద బండల వాకిలి. కూర్చున్నాడు.

"చూడ్రా, ఇంత పెద్ద రాజై ఉండి బండలకు పాలిష్ కొట్టిచ్చుకోలేదు. కాంట్రాక్టరు ఎవుడో శానా మోసం చేసినాడు" అన్నాడు చిన్నాయనతో.

చిన్నాయన నవ్వాడు. "కావాలనే గరుగ్గా ఉంచినారంటన్నా. ఎండకు కండ్లలో మెరవకుండా, వానకు ఎవురూ జారకుండా."

నాన్న ముఖం గంటు పెట్టుకున్నాడు. పాపం, ఆయన జీవితమంతా నునుపు చేయడమే కదా...

అంతలో వాన. అందరం చూరు కిందికి పరుగు. సగం దూరం పోయాక చూసుకుంటే నా భుజం మీద చెయ్యి లేదు. వెనక్కి తిరిగితే వాకిలి నడిమధ్యన జేజి, ఒక్కతే. రొట్టెల సంచి నెత్తిన పెట్టుకుని, తడిబండల మీద టకటకా నడిచొస్తోంది.

నాన్న ఎదురు పరిగెత్తాడు. "చెయ్యి పట్టుకోమ్మా, జారుతావు."

"జారేదానికి ఇది నీ వసారానా? ఈ రాజుకు అమ్మ ఉన్నట్టుండాది" అంది జేజి, చెయ్యి ఇవ్వకుండానే.

ఆ పూటంతా నాన్న ఇంకో బండ నిమరలేదు. రొట్టె కూడా సగమే తిన్నాడు.

ఊరికి రాగానే ఉలి పట్టే మనిషిని పిలిపించి, అద్దం లాంటి వసారా అంతా గంట్లు కొట్టించాడు. పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు ఇంటికే పాలిష్ లేదని ఊరంతా నవ్వుకుంది... జేజి మాత్రం పోయేదాకా అందులో ఎవర్నీ పట్టుకోకుండా తిరిగింది. నా భుజం నాకు తిరిగొచ్చింది.

ఇప్పుడు నేనుండే ఫ్లాట్‌లో టైల్సు తళతళలాడతాయి... నాన్న వచ్చినప్పుడు వాటిని నిమరడం లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

మీ ఇళ్లలో గరుకు బండలు ఇంకా ఉన్నాయా? ఉంటే ఒక ఫొటో పెట్టండి... నాన్నకు చూపిస్తా. ఉలి పట్టే మనిషి ఎవరైనా తెలిస్తే అదీ చెప్పండి.