హీరోగారి పక్కింటి పిల్ల

ఎనభైలలో మాట. నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇల్లు ఫిలింనగర్‌లో, చుట్టూ బండరాళ్లు. వేసవి సెలవులకు విశాఖ వెళితే, "హీరోలంతా మా మేనకోడలికి ఇరుగుపొరుగే" అని మా అత్తయ్య వీధంతా చెప్పుకుంది.

ఇక రెండు రోజుల్లో తిరుగు ప్రయాణమనగా బీచ్‌లో షూటింగ్ పెట్టారు. అత్తయ్య పక్కింటివాళ్లను వెంటేసుకొచ్చి, నన్ను హీరో ముందుకు తోసింది.

"మీ ఫిలింనగర్ పిల్లేనండీ. గుర్తుపట్టారా?"

"నేనుండేది మద్రాసులోనండీ" అన్నాడాయన.

పక్కింటివాళ్లు ముఖాలు చూసుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే మళ్లీ, "అక్కడ స్థలం కొన్నానమ్మా. నీళ్లొస్తాయా?" అని అడిగాడు.

"రావండీ. ట్యాంకరే గతి."

ఆయన ముఖం వాడిపోయింది. అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

"విన్నారుగా, హీరో అంతటివాడు మా పిల్లని సలహా అడిగాడు" అంది పక్కింటివాళ్లతో.

ఫిలింనగర్‌లో అన్నేళ్లున్నా నేను దగ్గరగా చూసిన హీరో ఆయనొక్కడే. అదీ విశాఖలో.