నా పళ్లతో కొన్న ఇసుర్రాయి

నాకు ఏడేళ్లప్పుడు... ఒక పొద్దున అమ్మ జొన్నలు ఇసురుతుంటే ఇసుర్రాయి పగిలింది. పిడి గుచ్చే బొక్క దగ్గర మొదలై పై రాయి అంచు దాకా రెండు ముక్కలైంది. పిడి మాత్రం అమ్మ చేతిలో మిగిలింది.

మా చిన్నప్పుడు ఊళ్లో పిండి మర లేదు. భువనగిరికి ఆమడ దూరంలో చిన్న ఊరు మాది... నిజాం రోజులు. ఇసుర్రాయి ఆగిందంటే ఇంట్లో రొట్టె ఆగినట్టే.

మరునాటి నుంచి అమ్మ గంపలో జొన్నలు పెట్టుకొని పటేలింటికి పోయేది. అక్కడ ఇసుర్రాయి ఉంది, కాదనరు. కానీ ముందు వాళ్ల జొన్నలు ఇసరాలి, తర్వాతే మనవి. అమ్మ తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. మా తమ్ముడు అప్పటికి ఇంకా పాలు తాగుతున్నాడు... ఆకలికి ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయేది. వాణ్ని చంకనేసుకొని వాకిట్లో తిరగడం నా పని.

నాలుగో రోజు మా అవ్వ ఇక ఓర్చుకోలేకపోయింది. అవ్వ అంటే బాపు వాళ్ల అమ్మ, మా నానమ్మ. ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ఆమె మాటే.

"అంగడినాడు కొత్త రాయి తెస్త. మల్ల నువ్వు ఆ గడప తొక్కకు" అంది అమ్మతో.

అంగడినాడు బాపు ఎవరిదో ఎడ్లబండి అడిగి తెచ్చాడు. అవ్వ కొంగులో నాలుగు పిడికిళ్ల జొన్నలు మూటగట్టుకుంది. నన్నూ బండెక్కమంది. నేనెందుకో నాకు అర్థం కాలేదు... అంగడికి పోవడమే సంబరం, ఇక అడగడం దేనికి.

భువనగిరి గుట్ట కింద రాళ్లు కొట్టేవాళ్లు రోళ్లు, ఇసుర్రాళ్లు వరసగా పెట్టుకొని కూర్చునేవారు. బాపు మొదటిదాన్నే చూసి "ఇది మంచిగున్నది" అన్నాడు. అవ్వ ఆయన వైపు కూడా చూడలేదు. ప్రతి రాయినీ గులకరాయితో కొట్టి చెవి ఒగ్గి వినేది. తర్వాత చెంబెడు నీళ్లు పోసి ఆరేదాకా చూసేది. పగులుంటే ఆ జాగాలో తడిగీత ఆఖరుకు ఆరుతుందట. ఇవి రెండూ దాటిన రాయిలో గుప్పెడు జొన్నలు పోసి ఇసిరేది.

అసలు పరీక్ష అప్పుడు మొదలయ్యేది. మెత్తటి రాయి అయితే ఇసిరిన కొద్దీ అరిగి ఇసుక రాలుతుంది, అది పిండిలో కలుస్తుంది. నమిలితేనే తెలుస్తుంది. అవ్వ నోట్లో ఒక్క పన్ను లేదు!

"నమిలి చెప్పు బిడ్డా... ఇసుక తగుల్తాందా?"

అందుకన్నమాట నన్ను తెచ్చింది. మొదటి రాయి పిండి కరకరలాడింది, ఉమ్మేశాను. రెండోదీ అంతే. "కొత్త రాయి గట్లనే ఉంటదవ్వా, నాలుగు దినాలు తవుడు ఇసుర్తే పోతది" అంది రాళ్లు అమ్మే ఆమె. అవ్వ ఒప్పుకోలేదు. మూడోదీ పనికిరాలేదు. గట్టి నల్లరాయి ఒకటుంది గానీ అది మాకు అందే ధర కాదు. మిగిలింది నాలుగోది...

అప్పటికి నా నోరు పిడచగట్టుకుపోయింది. ఎండ మండుతోంది. ఎదురుగా ఒకతను పుట్నాలు, బెల్లం అమ్ముతున్నాడు. రాయి కొన్నాక కొనిపెడతానని బాపు మాటిచ్చాడు. నాలుగో రాయి పిండి నమిలాను. సన్నగా తగిలింది... ఒక్కసారే. అవ్వ నా మొహంలోకే చూస్తోంది.

"లేదవ్వా, మంచిగున్నది" అన్నాను.

రాయి బండెక్కింది. నా పుట్నాలు నాకొచ్చాయి.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు తవుడు ఇసిరి గేదెకు పెట్టారు. ఐదో రోజు రొట్టెలు చేశారు. మొదటి ముక్కకే బాపు నమలడం ఆపాడు. అమ్మ కూడా ఆగింది. అవ్వ మాత్రం ఎప్పటిలాగే రొట్టెను మజ్జిగలో నానబెట్టుకొని మింగి, "రాయి మంచిగ దొరికింది" అంది. బాపు మళ్లీ నమలసాగాడు.

తర్వాత అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

"ఆ దినం నీకు తగల్లేదా?"

"తగిలింది."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "అవ్వకు చెప్పకు" అంది అంతే. "ఇసుకైనా తింటం గని, ఆ ఇంటికి మల్ల పోను."

అలాగే తిన్నాం. అమ్మ రోజూ పిండిని పాత ధోవతి గుడ్డలో జల్లించేది. ఎంత జల్లించినా కాస్త మిగిలేది. కానీ తమ్ముడు మళ్లీ అట్లా ఏడవలేదు.

అవ్వ ఉన్నన్నాళ్లూ, ఇంటికి ఎవరొచ్చినా ఆ రాయి చూపించి "నా మనుమరాలి పండ్లతోని కొన్న" అని మురిసిపోయేది. పక్కనే నిలబడి వినేదాన్ని. ఒక్కసారి కూడా నిజం చెప్పలేకపోయాను... అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు నాకు తొంభై దగ్గర పడ్డాయి. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. మొన్న తను ఫోన్‌లోనే మిక్సీ కొంటూ, "వేలమంది బాగుందన్నారు నానమ్మా, ఐదు చుక్కలిచ్చారు" అంది. ఎవరు వాళ్లంతా అంటే తెలియదంది. మంచిదే... మా కాలంలో ఇంటిల్లిపాదికీ ఒక్కరి మాటే దిక్కు.

మీ ఇళ్లలో రోలో, బిందో, పొయ్యో కొనేటప్పుడు ఎవరి మాట నెగ్గేదో రాయండి, చదివించుకుంటాను. నేను మాత్రం ఆ చుక్కలు చూసినప్పుడల్లా అనుకుంటాను... ఆ వేలమందిలో ఎంతమందికి ఆ పూట ఎండ మండిందో, ఎంతమంది చూపు పుట్నాల మీద ఉందో అని.