మావారు వేసిన టైల్స్

మావారు కువైట్ వెళ్ళిన రెండో ఏడు రాజోలులోని మా ఇంటికి స్నానాలగది కట్టించాను. అంతకుముందు నూతి దగ్గర తడకల చాటునే మా స్నానాలు. ఆయన ఉత్తరంలో రాసినట్టే పైన షవరు, దాని కింద గోడకు తలెత్తు వరకు నీలం టైల్స్ పెట్టించాను. మా వీధిలో అలాంటిది ఇంకొకటి లేదు. స్కూల్లో నాతో పనిచేసే టీచర్లు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి మరీ చూసి వెళ్ళారు. మావారు అక్కడ స్టోర్‌కీపరని, ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగమని వాళ్ళకు గొప్పగా చెప్పాను. ఆయన నాకు రాసింది అదే.

ఆరునెలలు తిరక్కుండానే టైల్స్ కదలడం మొదలెట్టాయి. ఒకటి ఊడి మా అత్తగారి పాదం మీద పడింది. గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. ఆవిడ ఇక ఆ గదిలో అడుగుపెట్టనని మళ్ళీ నూతి దగ్గరికే వెళ్ళేవారు. టైల్స్ వేసిన తాపీమేస్త్రికి కబురు పెడితే కొత్తపేటలో పనిలో ఉన్నానని, వస్తానని అనడమే గానీ రాలేదు.

ఆ వేసవిలో మావారు సెలవు మీద వచ్చారు. మర్నాడు స్నానానికి వెళ్ళిన మనిషి ఎంతకీ బయటికి రాలేదు. నీళ్ళ చప్పుడు లేదు. గోడను వేలి కణుపుతో కొడుతున్న చప్పుడు మాత్రం వరసగా వినిపించింది. వచ్చాక, పదకొండు టైల్స్ వెనక డొల్లగా ఉందని, మేస్త్రి కోసం చూడక్కర్లేదని, తానే వేస్తానని అన్నారు. నాకు నవ్వొచ్చింది. పెళ్ళయిన కొత్తలో గోడకు మేకు కొట్టబోయి వేలు చితక్కొట్టుకున్న మనిషాయన.

ఆ సాయంత్రమే టైల్స్ విప్పి, వెనకంటిన పాత సిమెంటు గీకి, గాబులో నీళ్ళలో నానేశారు. పొద్దున్నే గోడ మీద ఉలితో గంట్లు పెట్టి నీళ్ళు చల్లారు. ఒక్కో టైలుకూ వెనక సిమెంటు పట్టించి, గోడకు నొక్కి, తాపీ పిడితో నాలుగు మూలలా చిన్నగా కొట్టేవారు. టైలుకూ టైలుకూ మధ్య అగ్గిపుల్ల దూర్చేవారు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

అప్పుడొచ్చాడు మేస్త్రి. నా పక్కనే నిలబడి ఆయన చేతుల కేసి చూశాడు.

"నేను నానెయ్యకుండా అంటించేసేనండి. ఈ టైల్సు పని నాకు కొత్తండి," అన్నాడు మెల్లిగా. "తవరు ఎన్నాళ్ళనించి చేత్తున్నారండీ? ఇది చూసి నేర్చుకునే పని కాదు కదండీ," అన్నాడు.

మావారు వెనక్కి తిరగలేదు. "రెండేళ్ళయిందండి," అన్నారు.

మేస్త్రి నా మొహం చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

స్టోర్‌కీపరు ఉద్యోగమని రాశారు కదా అని కోపంగానే అడిగాను. పని ఆపకుండానే చెప్పారు. దిగిన రోజే ఆ ఉద్యోగం లేదన్నారట. సిమెంటు మోసే పనిలో పెట్టారట. ఒక ముసలి మలయాళీ మేస్త్రి జాలిపడి టైల్స్ పని నేర్పాడట. బీకాం చదివి గోడలకు టైల్స్ అంటిస్తున్నానని రాయడానికి చెయ్యి రాలేదన్నారు.

"ఏసీ గదిలో ఫొటో తీయించుకుని పంపమని రాసేవు. అది చదివేక ఇంక చెప్పలేకపోయేను."

ఆ ఫొటో కోసం నేను ఒకసారి కాదు, మూడుసార్లు రాశాను. ప్రతిసారీ ఆయన ఏదో ఒక సాకు రాసేవారు. ఎండలో పనిచేసి వచ్చి, ఆ సాకు వెతుక్కుంటూ కూర్చున్న మనిషి నా కళ్ళముందు కదిలాడు. ఆయన వేళ్ళ కొసలు సిమెంటుకు పగిలిపోయి ఉన్నాయి. ఎడారి గాలికని చెబితే నమ్మాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గాబు పక్కన కూర్చుని, ఒక్కో టైలూ తీసి తుడిచి అందించాను. మరీ ఆరిపోకుండా తుడవమన్నారు. మధ్యాహ్నానికల్లా పదకొండూ గోడకెక్కాయి.

సాయంత్రం మా అత్తగారికి ఆయనే చెప్పుకున్నారు. ఆవిడ అంతా విని, "మీ నాయన పరాయి చేలల్లో కోతలు కోసి నిన్ను చదివించేడు. చేతిపనికి సిగ్గెందుకురా?" అన్నారు. అని కళ్ళు తుడుచుకున్నారు.

స్కూలు తెరిచాక టీచర్లకు నేనే ఏదీ దాచకుండా చెప్పాను. ఒకరిద్దరు మాట మార్చారు. మా హెడ్మిస్ట్రెస్‌గారు మాత్రం, వాళ్ళింట్లోనూ టైల్స్ కదులుతున్నాయని, ఆయన్ని ఎప్పుడు పంపిస్తావని అడిగారు.

మావారు ఇక రానని కంపెనీకి రాసేశారు. ఆ మేస్త్రి వచ్చి తనకూ పని నేర్పమంటే, కలిసే చేద్దామన్నారు. హెడ్మిస్ట్రెస్‌గారి ఇంట్లో పని మొదలైన రోజున ఇద్దరికీ కేరేజీ కట్టిచ్చాను. ఒకే సైకిలు మీద వెళ్ళారు. మేస్త్రి తొక్కాడు, మావారు వెనక కూర్చుని ఉలి, తాపీ ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు.